జేబులో సొరపువ్వు

రామబ్రహ్మం గారికి చెప్పుకోదగ్గ దురలవాట్లేవీ లేవు. కాఫీ కూడా సగం గ్లాసే తాగుతారు. కానీ ఎవరి మేడెక్కినా ఆ ఇంటి పాదు మీది పువ్వు కోసి జేబులో వేసుకోకుండా మాత్రం కిందికి దిగరు. పోనీ ఏ మల్లెపువ్వో గులాబీయో అయితే మనిషికి పూల పిచ్చి అనుకుని ఊరుకోవచ్చు. ఆయన కోసేది సొరపువ్వు. దాన్ని దేవుడికి పెట్టరు, తల్లో తురుమరు. అలాంటి పువ్వు కోసం జగ్గయ్యపేటలో సొరపాదున్న ప్రతి మేడకీ ఆయన సాయంత్రం ఐదున్నరకి హాజరు.

ఐదున్నర అంటే ఐదున్నరే. బస్టాండులో ముప్ఫై ఏళ్ళు కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన మెట్లెక్కే చప్పుడు విని గోడ గడియారాలు సరిచేసుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి.

నాగవల్లి మేడ మీదికి ఆయన మొదటిసారి వచ్చింది ఏప్రిల్లో. ఆవిడ భర్త శ్రీకర్‌కి మెయిన్ రోడ్డులో రంగుల షాపు. ఆ షాపులో ఖాళీ అయిన పెయింటు బకెట్లన్నీ మేడెక్కి వంకాయలు, బెండకాయలు కాస్తున్నాయి. అన్నిటికంటే పెద్ద డ్రమ్ములో సొరపాదు. నైలాను తాళ్ళ పందిరి మీద అది పాకుతుంటే నాగవల్లి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడుం మీద చేతులేసుకుని చూసుకునేది.

రామబ్రహ్మం గారు పాదు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. కళ్ళద్దాలు పైకి తోశారు. పుటుక్కున ఒక పువ్వు తుంపారు.

"బాబాయి గారూ, అదేంటండీ, కాయయ్యేదాన్ని కోసేశారు."

"పువ్వేగా అమ్మా. కాయ కొయ్యలేదుగా," అని జేబులో వేసుకున్నారు. "అమ్మాయ్, కాస్త మంచినీళ్ళు."

ఆవిడ కిందికెళ్ళి నీళ్ళు తెచ్చేసరికి ఆయన ఏమీ ఎరగనట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. నీళ్ళు ఒక్క గుక్క తాగి గ్లాసు ఇచ్చేశారు. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. పువ్వు, మంచినీళ్ళు, ఒక్క గుక్క, సెలవు. కాయ ఇస్తానంటే మాత్రం ఆమడ దూరం పారిపోతారు.

ఆ నీళ్ళ రహస్యం నాగవల్లి తొందరగానే కనిపెట్టేసింది. తనని కిందికి పంపి ఇంకో నాలుగు పువ్వులు కొట్టేయడానికే ఈ ఎత్తు. ఆ మాటే పొల్లు పోకుండా ఊరంతా చెప్పింది.

ఆయన భార్య ప్రసూనాంబ గారి బాధ వేరు. "పెళ్ళయి నలభై రెండేళ్ళయింది. నాకు మూరెడు మల్లెపూలు తెచ్చిన పాపాన పోలేదు. చొక్కా ఉతుకుదామని జేబు తిరగేస్తే మాత్రం ఊళ్ళోవాళ్ళ సొరపూలన్నీ బయటపడతాయి. ఏం చెప్పుకోను," అని ఆవిడ కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

మే నెల వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడాది రోళ్ళ సంగతి తెలీదు గానీ మేడ మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్ళు అయిదో అడుగు గాల్లో వేశారు. అంత ఎండలోనూ నాగవల్లి పాదు ఆరు సొరకాయలు కాసింది. ఫొటో తీసి పేట మిద్దెతోటల గ్రూపులో పెట్టింది. నందిగామ గ్రూపుకి కూడా పంపింది. "నీ చేతి గుణం, నాగా," అని నందిగామ నుంచి వదిన ఫోన్ చేసి మరీ చెప్పింది. నాగవల్లి ఆ రోజు తన కుడిచేతిని తానే రెండుసార్లు చూసుకుంది.

ఆరు కాసింది సరే. ఆ దొంగ చెయ్యి పడకపోతే అరవై కాసేది కాదూ? ఇదే అనుమానం మిద్దెతోటల గ్రూపు పెద్ద వాసవాంబ గారికీ వచ్చింది. ఆవిడ గ్రూపులో తీర్పు ఇచ్చేశారు. ఇకమీదట రామబ్రహ్మం గారు వస్తే మేడ తాళంచెవి కనపడటం లేదని చెప్పాలి. అందరూ చెయ్యెత్తి దణ్ణం పెట్టే బొమ్మలు పంపి ఒప్పుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి నాగవల్లి గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "తాళంచెవి కనపడట్లేదండి."

"అలాగా," అన్నారు ఆయన. చెవి ఆవిడ నడుముకే వేలాడుతోంది. ఆయన దాని వంక చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. "దొరికితే కబురు చెయ్యమ్మా," అని ఎండలోకి నడిచి వెళ్ళిపోయారు.

పది రోజులు గడిచాయి. దొంగ బెడద వదిలింది. పాదు నిండా తెల్లటి పువ్వులు, ఎవడూ ముట్టుకునేవాడు లేడు. కానీ పిందె నిలవదే. వేలెడంత పుట్టడం, పచ్చబడటం, కుళ్ళి రాలడం. నాగవల్లి పుల్లమజ్జిగ పోసింది, వేపపిండి వేసింది. దిష్టి తగిలిందని పాత చెప్పు కట్టింది. ఊళ్ళో ఎవరి పాదు చూసినా అంతే. నందిగామ గ్రూపు నుంచి "కాయలేవీ" అని పలకరింపులు మొదలయ్యాయి.

ఇంతలో ఇంట్లో పిడుగు పడింది. కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. ఆ రోజు శ్రీకర్ తలకి సబ్బు రాసుకున్నాక ట్యాంకులో నీళ్ళయిపోయాయి. సబ్బు మొహంతోనే మేడెక్కాడు.

"వల్లీ, ఈ పాదు ఒక్కటే మనింట్లో అందరికంటే ఎక్కువ నీళ్ళు తాగుతోంది. ఒక్క కాయ చూపించు."

"వస్తాయండి."

"ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ పిందె నిలవకపోతే పందిరీ బకెట్లూ అన్నీ తీసేస్తా."

ఆయన మాటలో అన్యాయం లేదు, అదే నాగవల్లి ఏడుపు. విత్తనం నుంచి పెంచిన తోట, నాలుగు రోజుల్లో మాయమైపోతుంది.

బుధవారం సాయంత్రం ఆవిడ పాదు పక్కన చతికిలబడి ఉంటే పక్క మేడ మీద అలికిడయింది. అది జాయిస్ టీచర్ ఇల్లు. ఆవిడ కాలు విరిగి కింద మంచంలో ఉన్నారు. గ్రూపులో మెసేజీలు చదవని ఏకైక సభ్యురాలు కాబట్టి బహిష్కరణ సంగతి కూడా తెలీదు. నాగవల్లి పిట్టగోడ మీదుగా తొంగి చూసి నోరు తెరిచింది. పది రోజులుగా ఇంటివాళ్ళెవరూ ఎక్కని ఆ మేడ మీద ఏడు సొరకాయలు వేలాడుతున్నాయి. వాటి మధ్య రామబ్రహ్మం గారు.

ఆయన జేబులోంచి తడి రుమాలు తీశారు. విప్పితే అందులో ఒక తెల్లటి పువ్వు. దాని రేకులు జాగ్రత్తగా వెనక్కి మడిచి, మధ్య పుప్పొడిని, మొదట్లో బుల్లి పిందె ఉన్న ఇంకో పువ్వుకి మెల్లగా అద్దారు. పేరంటాలికి బొట్టు పెట్టినంత మర్యాదగా అద్దారు. తర్వాత వాచీ చూసుకున్నారు.

నాగవల్లికి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ తను నీళ్ళకి కిందికి వెళ్ళినప్పుడల్లా తన మేడ మీద జరిగింది ఇదన్నమాట.

"బాబాయి గారూ."

ఆయన నిజంగానే దొంగలా ఉలిక్కిపడ్డారు. "పువ్వేగా అమ్మా," అన్నారు అలవాటు కొద్దీ.

"అంతా చూశానండి."

ఇక లాభం లేదని ఆయన పిట్టగోడ దగ్గరికి వచ్చారు. "సొరపువ్వు విచ్చేది సాయంత్రమే. ఈ ఎండకి తేనెటీగలు లేవు, చిమ్మటలు లేవు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి ఎవరు చేరుస్తారు? పైగా మేడకి ఒక్క పాదేగా. మీ ఇంట్లో మగపువ్వులు పాతిక పూసిన రోజు టీచర్ గారింట్లో ఆడపువ్వు ఒంటరిగా ఉంటుంది. నా ఉద్యోగమంతా అదేగా. పెనుగంచిప్రోలు బస్సులోవాళ్ళు దిగి ఎక్కేదాకా నందిగామ బస్సు ఆపేవాణ్ణి. ఇప్పుడు పువ్వులకి ఆ పని చేస్తున్నా."

"మరి మేమంతా తాళాలేశాం కదండీ. ఈ పువ్వెక్కడిది?"

"వత్సవాయిలో ఒక రైతు పాదు ఉంది. మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళి మొగ్గ తెస్తున్నా. తడిగుడ్డలో పెడితే ఇక్కడికొచ్చేసరికి విచ్చుకుంటుంది."

మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండలో, ఒక్క మొగ్గ కోసం.

"ఒక్కమాట చెప్పొచ్చు కదండీ. ఊరంతా మిమ్మల్ని దొంగంటోంది."

"చెప్తే ఏమవుతుందమ్మా? వాసవాంబ గారు మొదటి కాయ కోసిన రోజు చూశావా, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధంతా తిప్పారు. నా చేతి చలవే అన్నారు. ఆ ముచ్చట మధ్యలో నేనెందుకు? నన్ను దొంగ అనుకుంటే ఎవరికీ నష్టం లేదు."

నాగవల్లి తన కుడిచేతి వంక చూసుకుంది. సిగ్గేసింది. ఆ వెంటనే ఆదివారం గుర్తొచ్చి సిగ్గు పక్కన పెట్టింది.

"మా పాదు మీద రెండు ఆడపువ్వులు విచ్చుకున్నాయండి. ఆదివారం మా ఆయన పందిరి తీసేస్తానన్నారు."

ఆయన వాచీ చూశారు. "ఐదూ యాభై. టైముంది. తాళంచెవి దొరికిందా?"

"దొరికిందండి," అంది ఆవిడ తలొంచుకుని.

ఆయన వచ్చారు. పాదు ముందు నిలబడి, "అమ్మాయ్, కాస్త మంచినీళ్ళు," అన్నారు.

"ఈసారి వెళ్ళనండి. ఎవరికీ చెప్పను, మాటిస్తున్నా. చూస్తా."

ఆదివారం పొద్దున్నే శ్రీకర్ షాపులోంచి కట్టర్ తెచ్చుకుని మేడెక్కాడు. నాగవల్లి వెనకాలే ఎక్కింది. పందిరి కింద రెండు పిందెలు తల వంచుకుని వేలాడుతున్నాయి. లేత ఆకుపచ్చ, ఒంటినిండా నూగు, ఒక్కొక్కటీ జానెడు. బుధవారం చిటికెనవేలంత ఉన్నవి. శ్రీకర్ వంగి ఒకదాన్ని వేలితో తాకాడు.

"ఇంత ఎండలో ఇదెలా పెరిగింది, వల్లీ?" అని కట్టర్ జేబులో పెట్టుకున్నాడు. "నీళ్ళ సంగతి నేను చూసుకుంటాలే. నీ చెయ్యి మంచిదే."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మాట ఇచ్చింది కాబట్టి మింగేసింది.

మింగింది గానీ గ్రూపులో ఊరుకోలేదు. "బుధవారం ఆ దొంగ తాళంచెవి పట్టుకుని పాతిక పువ్వులు కోసుకెళ్ళాడు. విచిత్రం, ఆ రోజు నుంచీ పిందె నిలిచింది. పువ్వులు తగ్గితే తీగకి బలమేమో," అని రాసింది. సాయంత్రానికల్లా ఊళ్ళో తాళాలన్నీ ఊడిపోయాయి. వాసవాంబ గారు తలుపు తెరిచి ఎదురెళ్ళి, "రండి, ఎన్ని కావాలంటే అన్ని కోసుకోండి," అన్నారట. రెండో రోజుకి నందిగామ గ్రూపు నుంచి సందేశం వచ్చింది: మీ దొంగని ఒక వారం మాకు పంపగలరా?

ఆయన నందిగామ బస్సెక్కారు. ఆ వారం జగ్గయ్యపేట సంగతి ఎవరు చూశారంటారా?

వాసవాంబ గారి మేడ మీదికి సాయంత్రం ఐదున్నరకి నాగవల్లి వచ్చింది. పాదు చుట్టూ తిరిగింది. ఒక పువ్వు తుంపి కొంగున ముడేసుకుంది.

"అదేంటే, నీకూ అంటుకుందా ఆ జబ్బు?" అన్నారు వాసవాంబ గారు చిరాగ్గా.

"పువ్వేగా పిన్నీ," అంది నాగవల్లి. "కాస్త మంచినీళ్ళు ఇస్తారా?"