ఆఫీసు నుంచి ఆఫీసుకు బస్సు

ఒకే ఒక్క మాట తీసేసి, బెళ్ళందూరులో మా కంపెనీ బస్సులన్నింటినీ గేటు దాటకుండా ఆపేసిన ఘనత నాది. నవ్వాలనుకుంటే మొహమాటపడకండి.

అప్పటికి ఉద్యోగంలో చేరి రెండు నెలలు. పాపకు పది నెలలు. మేముండే హూడిలో బేబీ సిట్టింగ్ ఆరింటికి మూసేస్తారు. రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళేసరికి, "ఇంకోసారి అయితే బిడ్డను వేరే చోట చూసుకోమ్మా" అనేసింది అక్కడి ఆంటీ.

మా సీనియర్ వాణక్క ఒక పని చెప్పింది. "నెల మొత్తంలో యాభై మంది కూడా ఎక్కని స్టాపులు ఎత్తేస్తారంట. మిగిలేవి ఏవో లిస్టు తీసి ట్రాన్స్‌పోర్టు వాళ్ళకు పంపించు."

డేటాబేస్ టేబుల్లో ప్రతి స్టాపుకూ రోజుకో వరుస, ఆ రోజు ఎంతమంది ఎక్కారో అంకె. దాన్ని ప్రశ్న అడిగే క్వెరీలో, స్టాపులవారీగా గుంపు కట్టే గ్రూప్ బై పెట్టాను. దానికి ముందు, మొత్తం యాభైకి తగ్గకూడదని షరతులు పెట్టే వేర్‌లో రాశాను. ఇక్కడ మొత్తాలు కుదరవంది కంప్యూటర్. సరే, మొత్తం అనే మాటే తీసేశాను. కిక్కురుమనకుండా జవాబిచ్చింది. రోజూ సణిగే అత్తగారు హఠాత్తుగా కాఫీ కలిపిస్తే అనుమానించాలా వద్దా? నేను మురిసిపోయి, చదవకుండానే పంపేశాను.

మర్నాడు సాయంత్రం అయిదైనా బస్సులు కదల్లేదు. మా డ్రైవర్ మునెప్ప కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"హూడికి పోదా మునెప్పన్నా?"

"లిస్టులో ఒకటే స్టాపు ఉండాది మేడమ్. మన ఆఫీసే. ఈడ ఎక్కి ఈడే దిగల్లంట."

"దిగేది ఎక్కకముందా, ఎక్కినాకనా?" అన్నారు వెనక ఎవరో.

వాణక్క నన్ను లోపలికి లాక్కెళ్ళింది. "వేర్ ఒక్కో వరుసనూ గుంపు కట్టకముందే జల్లెడ పడుతుంది తల్లీ. ఒక్కరోజులో యాభై మంది ఎక్కేది సాయంత్రం ఇక్కడే కదా. నెల మొత్తం చూడాలంటే ఆ షరతు గ్రూప్ బై తర్వాత, హ్యావింగ్ అని రాయాలి."

"మరి రెండూ పెడితే?"

"ముందు ఒకటి పెట్టు. బయట అరవై మంది ఉన్నారు."

మార్చాను. లిస్టు నిండుగా వచ్చింది. ప్రింటు తీసి ఇస్తే, మునెప్ప వేలు పెట్టి చదివి తలెత్తాడు.

"అన్నీ ఉండాయి. హూడి లేదు."

కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి చూశాను. హూడి నెల మొత్తం నలభై తొమ్మిది. పాపకు జ్వరమని నేను సెలవు పెట్టిన రోజు ఒకటి తగ్గింది. ఈసారి క్వెరీలో తప్పేమీ లేదు.

"ఈపొద్దుకి పాత దోవలోనే పోదాం. కూచోండి మేడమ్, బిడ్డ కాసుకోనుంటాది" అన్నాడు మునెప్ప.

ఆరుకు రెండు నిమిషాలుందనగా పాపను ఎత్తుకున్నాను. బిడ్డ మీద ఒట్టు వెయ్యకూడదు కనుక, పాలసీసా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: నా స్టాపును ఎత్తేసే క్వెరీని ఈ జన్మలో మళ్ళీ నా చేత్తో సరిచెయ్యను.