బాపు నూనె వేసిన కెమెరా

మా చిన్నప్పుడు... నాన్నను బాపు అనీ, నాన్నమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. ఓ రోజు అవ్వ ఇంటి గడప మీద కూర్చుని బాపు తన పాత రీలు కెమెరాను వెలుతురుకు పట్టుకున్నాడు. రీలు ఇంకా వేయలేదు. నేను తెరిచిన వెనక మూతలోంచి చూస్తున్నాను. ఆయన బటన్ నొక్కాడు.

"కన్ను కొట్టిందా బిడ్డా?"

"కొట్టలే బాపూ..."

"ఆడపిల్లతోని గవేం మాటలురా!" అరుగు మీది నుంచి అవ్వ కసిరింది.

బాపు అడిగింది షట్టర్ గురించి. బటన్ నొక్కగానే లోపలి రేకులు రెప్పపాటులో తెరుచుకుని మూసుకోవాలి. అవి కదలడమే లేదు.

గోదావరిఖని దగ్గర అవ్వ ఊరిదాకా ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని తవ్వుకుంటూ వచ్చేసింది. మర్నాడు అవ్వ ఇల్లు తీసేస్తారు. అంతకుముందు సర్వేవాళ్లు వచ్చి ఇంటికి ఫొటో తీసుకుపోయారు.

"జర పక్కకు జరుగవ్వా అని నన్ను జరిపి తీసిండ్రు. ఇల్లున్నది... నేను లేను" అని అవ్వ కనబడిన వాళ్లందరికీ చెప్పేది. తన గడపలో తను నిలబడ్డ ఫొటో ఒక్కటి చాలు ఆమెకు.

అందుకే ఆ రోజు బాపు మొదటి షిఫ్టు దిగగానే అమ్మనూ నన్నూ స్కూటర్ ఎక్కించుకుని వచ్చాడు. తీరా చూస్తే అప్పటికి షట్టర్ రేకులు బద్ధకంగానైనా కదులుతున్నాయి. బాపు బొగ్గు బాయిలో, అంటే గనిలో, ఫిట్టర్... ఏది బిగుసుకున్నా ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. ముందరి అద్దం విప్పి ఓ నూనె చుక్క వేశాడు. దాంతో అవి ఒకదానికొకటి అతుక్కుని పూర్తిగా ఆగిపోయాయి!

"గది మీ బాయిల పంపు కాదు," అంది అమ్మ. "తడిసిన కాయితాల లెక్క అతుక్కున్నయి. ముందుగాల నూనె తియ్యి."

"ఎట్ల తీస్తరు?"

"నీ డ్యూటీ అంగీకి గ్రీజంటితే నేనెట్ల తీస్తున్న? పెట్రోలు తే."

అమ్మ పొయ్యి ఆర్పేసింది. అగ్గిపుల్లకు దూది చుట్టి, స్కూటర్ పెట్రోలులో ముంచి బాపు సుతారంగా తుడిచాడు. కన్ను కొట్టింది! కానీ పెట్రోలు ఆరగానే మళ్లీ అతుక్కుంది. లోపల ఇంకా జిడ్డుంది మరి. మళ్లీ తుడవడం... ఆరనివ్వడం... నొక్కడం. గోడమీది ఎండ పైకి పాకుతోంది.

"పొద్దు గూకుతుందిరా..." అవ్వ అరుగు దిగి వచ్చింది.

బాపు పుల్లకు కొత్త దూది చుట్టాడు. ఇంకోసారి తుడిచాడు. ఆరాక నొక్కాడు.

టిక్.

"కొట్టింది బాపూ!"

మళ్లీ మళ్లీ నొక్కి చూసి రీలు వేశాడు. అవ్వ గడపలో నిలబడి దర్వాజను పట్టుకుంది.

"జర నవ్వవ్వా," అన్నాడు బాపు.

"ఇల్లు కనవడుతుందా?"

"కనవడుతుంది."

"గట్లయితె నేను నవ్వకున్నా మంచిదే."

ఫొటో కడిగించి తెచ్చేసరికి ఆ ఇల్లు లేదు. అవ్వ మా కంపెనీ క్వార్టర్‌లో ఉంది. ఫొటోను కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది. "ఇగో... ఇప్పుడు ఇద్దరమున్నం" అంది.

ఇప్పుడు అవ్వ లేదు. ఊరున్న చోట లోతైన గని ఉంది. చెడగొట్టి కూడా వదిలిపెట్టని బాపు, కోప్పడుతూనే దారి చూపిన అమ్మ... ఆ సాయంత్రం వాళ్లిద్దరూ ఓపిక పట్టకపోతే మాకు ఆ ఇంటి ఆనవాలే మిగిలేది కాదు.

నేనిప్పుడు హాస్టళ్లు మారుతూ తిరుగుతున్నాను, నా ఫోన్ నిండా ఫొటోలే. అన్నిట్లో నేనే ఉన్నాను... వెనక ఉన్నది ఏ గదో మాత్రం నాకే గుర్తు లేదు.

మీ పాత ఫొటోల్లో మనుషుల వెనక ఏ ఇల్లుంది? ఓసారి తీసి చూడండి... ఆ ఇంటి గురించి నాకూ చెప్పండి.