పాసు కాని పసుపు

మా ఇంట్లోకి వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట పాసు. బడిలో పై తరగతికి పోతే పాసు. పాఠం మధ్యలో పిల్లలు చిటికెనవేలు చూపించి బయటికి పరిగెత్తేదీ పాసుకే. బస్సులో కండక్టరు బామ్మర్ది టిక్కెట్టు లేకుండా దర్జాగా కూర్చుంటే, వాడికి పాసుందనేవాళ్ళు. మా అవ్వ పప్పులో ఉప్పు చూసి, తల ఊపి, "పాసు" అనేది. తెల్లవాడు పోతూ పోతూ వదిలేసిన సామానులో ఇదొకటి. మిగతావి తుప్పు పట్టాయి గానీ, దీనికి మాత్రం రోజురోజుకీ పదునెక్కింది.

మాది ఒంటిమిట్ట దగ్గర మగ్గాల ఊరు. నాయన నూలు చీరలు నేసేవాడు. సొసైటీ నూలిచ్చేది, నేసిన చీర తీసుకునేది. చీరను బల్ల మీద పరిచి, అటూ ఇటూ తిప్పి చూసి ముద్ర వేస్తే పాసు. పాసైతేనే మళ్ళీ నూలు. లేకపోతే మగ్గం పండుకున్నట్టే.

చీర మగ్గం దిగగానే అమ్మ బొటనవేలు పసుపులో ముంచి లోపలి చెంగు మూలన అద్దేది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎవరూ కట్టరు గదా, కొనుక్కున్నామె మరిచిపోతే ఎట్లా అని ఆమె భయం. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి చల్లగా ఉండాలని ఈమె ఆరాటం. "నేనెంత నేసినా గుడ్డే. మీయమ్మ వేలు పడితేనే అది చీర" అని నాయన నవ్వేవాడు. సొసైటీ పాత గుమాస్తా మా వీధివాడే. ఆ మూల చూసీ చూడనట్టు ముద్ర వేసేవాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో మా సొసైటీకి కడప నుంచి కొత్త సూపర్వైజరు వచ్చాడు. నాయన తెచ్చిన అయిదు చీరల్లో మొదటిదాని మూల రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"ఇదేంది, మరకా?"

"మరక కాదు సార్, పసుపు. మా ఇంటామె పెడతాది."

"మీ ఇంటామె వేలిముద్రలు మాకెందుకప్పా? పాసు కాదు, తీసకపో."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ పెళ్ళాలు కట్టుకున్న చీరలన్నిటికీ ఆ పసుపే పడింది, అయినా నవ్వారు.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఊళ్ళో అంతదాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. నాలుగు అక్షరాలొచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. నాయన అయిదు చీరలూ తెచ్చి అరుగు మీద పడేయగానే అమ్మతో అన్నాను: "నీ మురికి వేలు పెట్టకుంటే పాసయ్యేవి గదా!"

అమ్మ బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. దానికేమీ అంటుకుని లేదు, అయినా తుడుచుకుంది.

నాయన మొండి. "మంత్రికే చూపిస్తా పా" అంటూ ఒక చీర మూటగట్టి, చదువుకున్నదాన్నని నన్ను వెంటబెట్టుకుని కర్నూలు బయలుదేరాడు. అక్కడ ఆఫీసులు గుడారాల్లో ఉన్నాయి. గేటు దగ్గర జవాను ఆపాడు.

"పాసుండాదా?"

నాయన నా వైపు తిరిగాడు. బోర్డు చదివి, లోపలికి పోవడానికిచ్చే చీటీ అని చెప్పాను.

"అది ఎవురిస్తారప్పా?" నాయన జవానును అడిగాడు.

"లోపలుండేవాళ్ళు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు దేవుడు కనిపించనే లేదు. రెండు రోజులు ఎండలో నిలబడ్డాం. నాయన మూట విప్పి ఆ జవానుకే చీర మూల చూపించబోతే, "దూరం, దూరం" అన్నాడు. మూడో రోజు తిరిగొచ్చాం.

ఇంట్లో కొత్త నూలు కండెలు ఉన్నాయి. మేము లేనప్పుడు అమ్మ మిగతా నాలుగు చీరల మూలలూ సోడాతో రుద్దిందట. పసుపు పోకపోగా ఎర్రగా తిరిగేసరికి బెదిరిపోయి ఏడ్చిందని అవ్వ చెప్పింది. మళ్ళీ జాడించి, ఎండలో ఆరేసి, మరక వెలిసిపోయేదాకా పక్కనే కూర్చుందట. ఆ మూలలకే గంజి పెట్టి సొసైటీకి తీసుకుపోయింది.

"నాలుగూ పాసైనాయి" అంది, నాయనకు సంగటి పెడుతూ. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు తినలేదు. అమ్మను ఒక్కమాట కూడా అనలేదు. అననందుకు నాకు ఆయన మీద కోపం వచ్చింది. నా మీద నాకు రావలసిన కోపం అది.

తరువాతి చీర దిగినప్పుడు నాయనే పసుపు గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. అమ్మ పొయ్యి దగ్గర పనుందని లేచిపోయింది. ఆ గిన్నె మళ్ళీ మగ్గం దగ్గరికి రాలేదు.

ఆ ఏడే నేను పరీక్ష పాసయ్యాను. ఆ రోజుల్లో టీచరు ట్రైనింగుకు ఎనిమిదో తరగతి చాలు; నాకు కడపలో సీటొచ్చింది. బయలుదేరే రోజు, నాయన నా కోసం నేసిన చీరను నేనే తెచ్చి, పసుపు పెట్టమని దాని మూల అమ్మ ముందు పట్టాను.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దులేమ్మా. ఆడ మీ సార్లు చూసి మరకంటే, నిన్ను పాసు చేయరేమో."

వేళాకోళం కాదు. నిజంగానే భయపడింది. ఆ చెయ్యి ముందుకు లాగి నేనే పసుపులో ముంచి ఉండాల్సింది. బస్సుకు టైమవుతోందని చీర కట్టుకుని వెళ్ళిపోయాను.