చచ్చి లేచిన పేషెంటు

ఆ రోజుల్లో సర్జరీ నేర్చుకోవడమంటే చాలావరకు నిలబడటం నేర్చుకోవడమే. పెద్దవాళ్ళు పొట్ట కోస్తుంటే మాలాంటి పీజీ విద్యార్థులం కొక్కేల్లాంటి ఇనుప పరికరాలతో కోత అంచులు లాగి పట్టుకునేవాళ్ళం. వాళ్ళ భుజాల సందులోంచి కనిపించినంత చూసి, మిగతాది ఊహించుకుని, హాస్టల్‌కొచ్చి దిండు మీద కుట్లు సాధన చేసుకునేవాళ్ళం. (గన్‌ఫౌండ్రీలోని మా లేడీస్ హాస్టల్లో నా దిండుకున్నన్ని కుట్లు ఆ వీధి దర్జీలెవరూ వేసి ఉండరు.) మెదక్ మిషన్ బడిలో టీచరు కూతుర్ని నేను. "మంచి చేతులియ్యమని ప్రభువును అడుగు బిడ్డా" అని మా అమ్మ చెప్పి పంపింది. నేను మాత్రం ముందు కాస్త నిద్ర ఇమ్మని అడిగేదాన్ని.

మా డిపార్ట్‌మెంటుకు అధిపతి పెద్ద సార్. నాంపల్లి స్టేషను చుట్టుపక్కల కడుపునొప్పి వచ్చినవాళ్ళందరికీ ఆయన పేరే మందు. అరచేతులు విసనకర్రల్లా ఉండేవి. అవి లోపలికి వెళ్ళాయంటే, మత్తు డాక్టరు టీ చల్లారేలోపు రాళ్ళు నిండిన పిత్తాశయం బయటికి వచ్చేసేది. కానీ రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయనకు ఒక కష్టం వచ్చిపడింది. పొట్టకు చిన్న చిల్లులు పెట్టి, లోపలికి కెమెరా పంపి, టీవీలో చూస్తూ చేసే ఆపరేషన్లు ఊళ్ళోకి దిగాయి. ఓపీలో కూర్చున్న పేషెంట్లు మొహమాటపడుతూ అడిగేవారు: "సార్, టీవీల చూసుకుంట చేస్తరట గదా, గట్ల మీరు చెయ్యరా?" ఆయన "కోసి చూస్తే తెలిసేది టీవీల ఏం తెలుస్తది?" అని కసిరేవాడు. వాళ్ళు తల ఊపి, లక్డీకాపూల్ వైపున్న వేరే ఆస్పత్రులకు వెళ్ళిపోయేవారు. మా యాజమాన్యం ఆ పరికరాలు కొననైతే కొంది. అవి థియేటర్ మూలలో ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని సార్ కోసం ఎదురుచూస్తున్నాయి. ఆయన ముట్టకపోతే వేరే సర్జన్‌ని తెస్తారని, సార్ ఇక వార్డు రౌండ్లకే పరిమితమవుతారని సిస్టర్లు గుసగుసలాడుకునేవారు.

అప్పుడు వచ్చింది ఆ యంత్రం. ఏదో కంపెనీ వాళ్ళు కొన్నాళ్ళు వాడి చూడమని మా సెమినార్ గదిలో దింపి వెళ్ళారు. ఒక కంప్యూటర్, ఒక పెద్ద మానిటర్, దాని ముందు బల్లకు బిగించిన రెండు పొడవాటి కత్తెర పిడులు, కాలి కింద ఒక పెడల్, కళ్ళకు పెట్టుకునే నల్లద్దాలు. దీన్ని వర్చువల్ రియాలిటీ అంటారని, ఇందులో ఉన్న మనిషి లేడని, లేకపోయినా కోయొచ్చని వివరించింది దానితోపాటు వచ్చిన వరంగల్ అమ్మాయి. మేమామెకు వెంటనే ఇంజినీరమ్మ అని పేరు పెట్టేశాం. జేబులో దువ్వెన లేనిదే వార్డులోకి రాని నా బ్యాచ్‌మేట్ హీరో మాత్రం, "అబిడ్స్‌ల వీడియో గేమ్ పార్లర్ బంద్ చేసి గీడ పెట్టిన్రా ఏంది?" అన్నాడు. అన్నవాడే ఎగ్జిబిషన్ మైదానంలో జెయింట్ వీల్‌కు నిలబడ్డట్టు లైన్లో అందరికంటే ముందు నిలబడ్డాడు.

నా వంతు వచ్చింది. అద్దాలు పెట్టుకున్నాను. అంతే, గది మాయమైంది. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, తడిగా మెరుస్తూ కాలేయం. దాని కింద ఆకుపచ్చగా పిత్తాశయం. ఇన్నాళ్ళూ ఇతరుల భుజాల మీదుగా ముక్కలు ముక్కలుగా చూసిన లోకం మొత్తం నా ఒక్కదాని కోసం తెరుచుకున్నట్టనిపించింది. ప్రతి ఆపరేషన్ ముందూ అలవాటైన ప్రకారం "ప్రభువా, ఈ పేషెంటును నీ చేతుల్లో పెడుతున్నాను" అనుకున్నాను. (పేషెంటు లేడన్న సంగతి ప్రభువుకు తెలుసు కదా అని ఇప్పుడు సర్దిచెప్పుకుంటాను.) ఎడమ పిడితో పట్టి, కుడి పిడితో మెల్లగా పొర విడదీస్తున్నాను. ఎక్కడ తప్పిందో తెలియదు. చిన్న ధమని తెగి, ఎర్రగా నెత్తురు నా ముఖం మీదికే చిమ్మినట్టు వచ్చింది.

"సిస్టర్, మాప్! మాప్ ఇవ్వండి!" అని అరిచాను. నెత్తురు అద్దే ఆ గుడ్డ అందించే సిస్టర్ అక్కడ లేదు. మరుక్షణం నా చున్నీ ఉండచుట్టి, రెండు చేతులతో మానిటర్ మీద అదిమి పట్టాను.

"మేడమ్, అది తెర. ఒత్తితే ఆగది" అంది ఇంజినీరమ్మ, చాలా మర్యాదగా.

గది గదంతా గొల్లుమంది. హీరో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నేను అద్దాలు తీసేసరికి గుమ్మంలో పెద్ద సార్! నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఎందుకు నవ్వుతున్రు?" అన్నాడు. "నెత్తురు కనవడంగనే గీ పిల్ల చెయ్యి ఆడికి పోయింది. మీ చేతులు జేబులల్ల ఉన్నయి." నా దగ్గరికి వచ్చి, "జరుగు బిడ్డా, నేను చూస్త" అని కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగింది మాకెవరికీ నవ్వు తెప్పించలేదు. ఆ విసనకర్ర చేతుల్లో పిడులు అగ్గిపుల్లల్లా కనిపించాయి. ఆయన కుడికి జరిపితే తెరలో కొన ఎడమకు పోయేది. లోతు అంచనా తప్పి కాలేయం చిరిగింది. ఆ నెత్తురు ఆపబోయి ఇంకేదో తెగింది. తెర మొత్తం ఎరుపెక్కి, చివరికి నల్లబడి, ఇంగ్లీషులో ఏవో అక్షరాలు వచ్చాయి.

"ఏం రాసింది?" అన్నాడు సార్.

ఇంజినీరమ్మ తటపటాయించింది. "పేషెంట్ పోయిన్రు సార్."

సార్ అద్దాలు తీసి, నిజంగా థియేటర్లో ఎవరైనా పోయినప్పుడు లేచినట్టే లేచాడు. తల వంచుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, పాపం నిజంగానే అడిగాడు: "బయట ఎవరికి చెప్పాలె?"

"ఎవ్వరికీ చెప్పే పని లేదు సార్. గీ బటన్ ఒత్తితే మళ్ళ లేస్తరు."

ఆయన తిరిగొచ్చి బటన్ నొక్కాడు. అదే కాలేయం, చిన్న గీత కూడా లేకుండా, తడిగా మెరుస్తూ. సార్ తెరకు దగ్గరగా వంగాడు.

"లేచిన్రా?"

"లేచిన్రు సార్."

"నా మీద కోపం లేదా?"

"లేదు సార్."

"ఇన్నేండ్లల్ల నా చేతిల పోయినోళ్ళు ఒక్కరన్నా గిట్ల లేచిన్రా అమ్మా" అన్నాడు. ఆ గొంతులో నేనెన్నడూ వినని మెత్తదనం ఉంది.

ఆనాటి నుంచి ఓపీ అయిపోగానే సార్ సెమినార్ గదిలో ప్రత్యక్షమయ్యేవాడు. మా వెనకాలే లైన్లో నిలబడేవాడు, ముందుకు రమ్మంటే వచ్చేవాడు కాదు. కుడిఎడమల తికమక పోయింది, చేతులు నెమ్మదించాయి. కానీ గొంతు నెమ్మదించలేదు. ఒకరోజు క్యాంటీన్లో టీ తాగుతూ మాతో, "రెండు గంటల సంది చంపుతనే ఉన్న. ఫికర్ లేదు, రేపు ఒకరిద్దరు బతుకుతరు" అని మామూలుగానే, అంటే క్యాంటీనంతా వినబడేట్టు అన్నాడు. పక్క బల్ల దగ్గర తాండూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. పిత్తాశయంలో రాళ్ళున్న కూతుర్ని సార్ వార్డులోనే చేర్పించింది. ఆమె చేతిలోని బన్ను చేతిలోనే ఉండిపోయింది. నేను టీ ముగించి వార్డుకు వెళ్ళేసరికి మూట కట్టేసి, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతోంది.

"అమ్మా, ఆగు! సార్ చంపుతున్నది మనుషుల్ని కాదు!" అని వెంటపడ్డాను. (ఆస్పత్రి మెట్ల మీద ఈ మాట గట్టిగా అంటే ఎంతమంది తిరిగి చూస్తారో నాకు ఆ రోజే తెలిసింది.) ఆమెను బతిమాలి సెమినార్ గదికి తీసుకెళ్ళి, కళ్ళకు అద్దాలు పెట్టించాను. ముసలమ్మ నోరు తెరుచుకుని చూసింది. మెల్లగా చెయ్యి చాపి, గాల్లో ఆ కాలేయాన్ని నిమిరింది.

"మా బిడ్డ కడుపుల గిట్లనే ఉంటదా?"

"ఔ అమ్మా."

"ఎంత సక్కగున్నదమ్మా" అంది. ఆ మాట నేను ఏ ప్రొఫెసర్ నోటా వినలేదు. కాసేపటికి అద్దాలు తీసి, "ముందుగాల దీన్ని కోసి నేర్చుకుంటున్రా? మంచిదే. నా బిడ్డను ముట్టే ముందు ఇంకో నాలుగు రోజులు దీన్నే కొయ్యమను" అని, మూట తీసుకుని మళ్ళీ వార్డుకే పోయింది.

అలా ఆ కూతురే సార్ మొదటి టీవీ పేషెంటు అయింది. ఇలాంటి ఆపరేషన్లలో అనుభవమున్న బయటి సర్జన్ ఒకరు పక్కన నిలబడ్డారు. కెమెరా పట్టుకునే పని నాది. పరికరాల మీద కవర్లు తీశారు, గదిలో దీపాలు తగ్గించారు, తెర వెలిగింది. యంత్రంలో చూసిందే మళ్ళీ కనిపించింది, కానీ ఇది కదులుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా కాలేయం లేచి దిగుతోంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమని అదురుతోంది. సార్ చేతులు తొందరపడలేదు. ధమని మీద క్లిప్పు పడింది, తర్వాత నాళం మీద. కత్తిరించాడు. నెత్తురు రాలేదు. చిన్న చిల్లులోంచి రాళ్ళ సంచి బయటికి వచ్చినప్పుడు పక్కనున్న సర్జన్ తల ఊపి, ఒక అడుగు వెనక్కి వేశారు.

బయట ముసలమ్మ నిలబడే ఉంది. "డబ్బాల చేసినట్టే చేసినవా అయ్యా?" అంది.

"లేదమ్మా," అన్నాడు సార్ చెమట తుడుచుకుంటూ. "గాడ మస్తుసార్లు చేసిన. నీ బిడ్డకు ఒక్కసారే చేసిన."

ఆ సాయంత్రం నేను హాస్టల్‌కు నేరుగా పోలేకపోయాను. అబిడ్స్‌లో ఒక టీవీల దుకాణం ముందు జనం క్రికెట్ చూస్తుంటే నేనూ నిలబడ్డాను. బ్యాట్లూ బంతీ నా కళ్ళకు ఆనడం లేదు. నాకు తెలియకుండానే రెండు చేతులూ గాల్లో కదులుతున్నాయట. పక్కనున్న పెద్దాయన "ఏమైందమ్మా, పాణం బాగలేదా? దవాఖానకు పోతవా?" అని అడిగాడు. "ఇప్పుడే ఆడికెల్లే వస్తున్న" అన్నాను. ఆయన జాలిగా చూసి, కాస్త జరిగి చోటిచ్చాడు. కాలర్ దగ్గర చెమట మరకతో, అన్నం తినడం కూడా మరిచిపోయి, గాల్లో ఎవరిదో పొట్ట బాగుచేస్తున్న ఆనాటి ఆ పీజీ అమ్మాయిని భుజం తట్టి ఇంటికి పంపాలనిపిస్తుంది ఇప్పటికీ అప్పుడప్పుడు. పంపను. ఇంకాసేపు అక్కడే నిలబడనిస్తాను.