రైలు తిప్పిన చేపల పులుసు

తెనాలిలో రేపల్లె ప్యాసింజరు కదిలాక మా బోగీలో ఎవరూ కిటికీ వైపు చూడలేదు. అందరి చూపూ నా ఎదుట కూర్చున్న మస్తాన్‌బీ అనే పెద్దావిడ ఒళ్లో ఉన్న గిన్నె మీదే. మూతకు గుడ్డ కట్టినంత మాత్రాన చేపల పులుసు వాసన ఆగుతుందా? రేపల్లెలో ఉన్న కూతురికి తీసుకెళ్తున్నారట.

రైలు ఊగినప్పుడల్లా ఆ గిన్నె కూడా ఊగుతోంది. ఒలికితే నా తెల్ల ప్యాంటు గతేమిటని నా భయం.

"అమ్మా, కింద పెట్టరాదు?" అన్నాను.

"కింద పెడితే ఎట్టా బాబూ! గరిట పెడితే ముక్క చితికిపోద్ది. గిన్నె పట్టుకుని తిప్పాల్సిందే. ఇంట్లో అయితే నా చేతులు పడిపోతాయి. ఇక్కడ రైలే తిప్పుద్ది."

"మరి ఉప్పూ కారం సరిపోయాయో లేదో చూడొద్దా?" అన్నాను ఆశగా. చూసిపెట్టడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

"పొద్దున వండిన పులుసు ఇవాళే తింటారా ఎవరన్నా? రేపటికిగానీ ముక్కకి పట్టదు," అన్నారావిడ, నా మీద జాలిపడుతూ.

నిజామాబాద్ తిరిగొచ్చాక నేనూ అలాగే వండాను. గరిట ముట్టలేదు. మా ఊళ్లో ఆ రైలు లేదు కాబట్టి, గిన్నెకు గుడ్డ కట్టి మా ఆవిడ ఒళ్లో పెట్టి, స్కూటరు మీద కాలనీ అంతా చక్కర్లు కొట్టాను. స్పీడ్ బ్రేకర్లు ఒక్కటీ వదల్లేదు.

మర్నాడు తిని, బాగా కుదిరిందని తనే ఒప్పుకుంది. తర్వాత చీర మీది పులుసు మరక చూపించింది.

"ఈసారి బండి నేను నడుపుతా. మీరు ఆ తెల్ల ప్యాంటు వేసుకుని వెనక కూర్చోండి."