తవ్వినా పెరగని కుప్ప

పెద్దమేస్త్రీ కట్టిన గోడ మీద నిండు గ్లాసు పెడితే నీళ్ళు తొణకవని ఆ చుట్టుపక్కల వీధుల్లో చెప్పుకునేవారు. ఆయన నోట్లోంచి మాట రప్పించడం మాత్రం అదే గోడలోంచి ఇటుక పీకినంత పని. అలాంటి మనిషి సాయంత్రమైతే మేనకోడలి నెట్ సెంటర్‌కి పోయి కూర్చుంటున్నాడని తెలిసి ఆయన భార్య ముందు నమ్మలేదు. తర్వాత నవ్వింది. ఆ తర్వాత కొంచెం బెంగపెట్టుకుంది.

ఆయన అసలు వెళ్ళింది మెట్టు కట్టడానికి. మేనకోడలు బస్టాండు వెనక వీధిలో గది అద్దెకి తీసుకుని, నాలుగు కంప్యూటర్లు పెట్టి, మధ్యలో చెక్క అడ్డాలు బిగించుకుంది. గుమ్మం ముందు మెట్టు విరిగి, వచ్చినవాళ్ళు తూలుతూ లోపలికి వస్తుంటే మావయ్యని పిలిచింది. ఆయన మెట్టు కట్టి, సిమెంటు మాలు ఆరేదాకా ఎవరూ తొక్కకుండా కాపలా కూర్చున్నాడు. ఎవరూ లోపలికి రాకూడదు కాబట్టి ఆ పూట బేరం కూడా లేదు. ఉత్తినే కూర్చోబెట్టడం బాగుండదని ఆ పిల్ల మావయ్యని ఒక తెర ముందుకి పిలిచి వింతలు చూపించడం మొదలుపెట్టింది.

ముందు నెట్ కలిసేటప్పుడు ఫోను తీగలోంచి పిల్లి తోక తొక్కినట్టు కూత వచ్చింది. తర్వాత ఎవరిదో గది కనిపించింది. గదిలో బల్ల, బల్ల మీద కెటిల్. దాని ఎదురుగా కెమెరా పెట్టి, ప్రపంచంలో ఎవరికి చూడాలనిపిస్తే వాళ్ళు ఆ కెటిల్‌ని చూసుకునే ఏర్పాటు చేశారట. మేస్త్రీ చాలాసేపు చూశాడు. కెటిల్ కదల్లేదు.

"ఎవరైనా ఎత్తుకుపోతారనా?" అని అడిగాడు.

అందుకు కాదంది మేనకోడలు. మరెందుకు అంటే ఆమెకీ తెలియదు.

ఇంకొకాయన తన చెంచాలన్నిటికీ ఫొటోలు తీసి, ఏ చెంచా ఎక్కడ దొరికిందో కింద రాసి పెట్టుకున్నాడు. ఒకావిడ తన పిల్లి ఎక్కడెక్కడ పడుకుంటుందో బొమ్మలుగా పెట్టి, చూసినవాళ్ళని సంతకం పెట్టి పొమ్మంది. పెట్టినవాళ్ళు బోలెడుమంది. ఆ పేజీ అడుగున అంకెల గడి ఒకటి ఉంది. ఎంతమంది వచ్చి చూశారో అది లెక్కపెడుతుందట. మేస్త్రీ చూస్తుండగానే చివరి అంకె మారింది. ఆయన గబుక్కున వెనక్కి తిరిగాడు, తడి మెట్టు తొక్కి ఎవరైనా వచ్చారేమోనని.

"వచ్చింది నువ్వే మావయ్యా," అంది మేనకోడలు.

ఇంటికెళ్ళి భార్యకి చెబుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. అందులో కెటిల్ ఉంది అన్నాడు. మనింట్లోనూ ఉందిగా అందావిడ. నిజమే కదా అనిపించి ఊరుకున్నాడు.

మర్నాడు మెట్టు ఆరిందో లేదో చూసే వంకతో మళ్ళీ వెళ్ళాడు. మెట్టు చూశాడు, మడమతో తట్టాడు, లోపలికొచ్చాడు. గోడవైపు చూస్తూ, అందులో తెలిసినవాళ్ళు కూడా కనిపిస్తారా అని అడిగాడు. ఎవరు కావాలని ఆ పిల్ల అడగలేదు. అడగాల్సిన పని లేదు. చిన్నమావయ్య.

అన్నదమ్ములిద్దరూ ఒకే పరంజా మీద పెరిగారు. ఒకరు ఇటుక పెడుతుంటే ఇంకొకరు మాలు అందించేవారు. ఒకనాడు తమ్ముడు ఒంటరిగా కట్టిన గోడ దగ్గరికి అన్న వచ్చి, తూకం గుండు వేలాడదీసి చూసి, గోడ ఒరిగిందన్నాడు. ఇంటివాళ్ళూ కూలీలూ చూస్తుండగానే ఆ పచ్చిగోడని కాలితో తోసేశాడు.  తమ్ముడు తన తూకం గుండు తీసి అన్న చేతిలో పెట్టి, ఇక గోడ జోలికి పోనని వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో టైల్స్ పని నేర్చుకున్నాడనీ, సొంత దుకాణం పెట్టాడనీ ఇద్దరి మధ్యా పుట్టిన చెల్లెలి నోటి నుంచి వినడమే. అన్నని మాత్రం ఒక అనుమానం పట్టుకుని వదల్లేదు. ఆ రోజు గాలి వీచింది. గోడ ఒరిగిందో, గుండే ఊగిందో ఆయనకి ఇప్పటికీ తేలలేదు. పోనీ వెళ్ళి చూసుకుందామంటే, గోడ ఉంటేగా!

మేనకోడలు దుకాణం పేరు కొట్టింది. పేజీ ఒకటి తెరుచుకుంది. పైన దుకాణం పేరు, మధ్యలో పసుపుపచ్చ పలక. పలకలో పార పట్టుకున్న నల్లటి బొమ్మమనిషి. ఎదురుగా చిన్న మట్టికుప్ప. వాడు వంగి పార దించుతాడు, ఎత్తుతాడు, మళ్ళీ దించుతాడు. కింద ఉన్న రెండు ముక్కలు మేనకోడలు చదివి చెప్పింది: పని జరుగుతోంది, మళ్ళీ రండి.

మేస్త్రీ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"కుప్ప పెరగడం లేదేమే?"

"అది బొమ్మ మావయ్యా."

"బొమ్మే అనుకో. తవ్వుతున్నాడుగా."

మళ్ళీ రమ్మన్నారు కాబట్టి మళ్ళీ వచ్చాడు. రోజూ వచ్చాడు. ఎప్పుడు చూసినా అదే మనిషి, అదే పార, అంతే కుప్ప. ఇన్నేళ్ళలో ఆయన ఎన్ని పునాదులు తీయించలేదు! తవ్వుతున్నా కుప్ప పెరగడం లేదంటే అది రాతినేల అయ్యుండాలి, లేదా ఊటనేల అయ్యి తీసినంతా పూడిపోతూ ఉండాలి. రెండూ చెడ్డవే. పైగా ఒక్కడే. పునాది దగ్గర ఒక్క మనిషిని పెట్టుకుని నెట్టుకొచ్చేది చేతిలో డబ్బు ఆడనివాడే.

మేనకోడలు నచ్చజెప్పడానికి చూసింది. పేజీ తయారుకాకపోతే ఊరికే అలాంటి బొమ్మ పెడతారంది. చిన్నమావయ్య బాగానే ఉన్నానని అమ్మతో ఫోన్లో అన్నాడంది. బాగానే ఉన్నానని అందరూ అంటారు, అన్నాడు మేస్త్రీ. చివరికి ఆ పిల్ల వేరే పేజీలు నాలుగు తెరిచి చూపించింది. ఒకటి సంగీతం బడిది, ఒకటి కుక్కల డాక్టరుది, మిగతావి ఎవరెవరివో. నాలుగింటిలోనూ పసుపుపచ్చ పలక, పార, వాడే.

మేస్త్రీ తెర దగ్గరికి జరిగాడు. ఆ మొహం ఈ మొహం పోల్చి చూశాడు. అనుమానం లేదు, వాడే.

"ఒక్కడే ఇన్నిచోట్లా?" అన్నాడు. "అందుకే ఎక్కడా పని తెమలడం లేదు."

ఊరవతల పని ఒకటి తగిలిందని ఇంట్లో చెప్పి సంచి సర్దుకున్నాడు. తాపీ, దారం, రసమట్టం. తూకం గుండ్లు రెండు వేసుకోవడం భార్య చూసింది. ఇస్త్రీ చొక్కా తెచ్చి సంచిలో పెట్టింది. పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకన్నాడు. పని ఎవరింట్లోనో నాకు తెలుసులే అందావిడ.

తమ్ముడి దుకాణం బస్సులోంచే కనిపించింది. ముందంతా అద్దాలు, నేల మెరిసిపోతోంది, లోపల ఇద్దరు ముగ్గురు బేరమాడుతున్నారు. తవ్వకం జాడ ఎక్కడా లేదు. మేస్త్రీకి తను దిగాల్సిన చోట దిగాడో లేదో అర్థం కాలేదు. దుకాణం వెనకే ఇల్లు. మరదలు తలుపు తీసి, "బావగారా!" అని గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వెనకనుంచి తమ్ముడొచ్చాడు. జుట్టు తెల్లబడింది.

ఇన్నేళ్ళ తర్వాత పెద్దమేస్త్రీ అన్న మొదటి మాట, "పని ఎక్కడ?"

"ఏం పని?"

"ఆగిపోయింది కదరా. ఒక్కడే పార పట్టుకుని తవ్వుతున్నాడు, కుప్ప పెరగడం లేదు."

తమ్ముడు భార్యవైపు చూశాడు. నేను చెప్పలేదండీ, ఒట్టు, అందావిడ. అక్క చెప్పిందా అని అడిగాడు తమ్ముడు. తెరమీద చూశానన్నాడు అన్న. ఏ తెర అన్నాడు తమ్ముడు. అలా కొంతసేపు ఒకరికొకరు ప్రశ్నలే వేసుకున్నాక, దుకాణానికి వచ్చిపోయే ఒకాయన కొడుకు, మీ పేరు కంప్యూటర్లో పెడతానని రాసుకుపోయి మళ్ళీ కనిపించలేదని తమ్ముడికి గుర్తొచ్చింది. పెట్టాడన్న సంగతే తనకి తెలియదు.

పెద్దమేస్త్రీకి సిగ్గేసింది. సంచి భుజానికెత్తుకుని, సరే, చూసినట్టయింది, బస్సుందేమో అన్నాడు.

"అయితే వెనక గోడ సంగతి మీకెలా తెలిసింది బావగారూ?" అంది మరదలు.

పెరట్లోకి తీసుకెళ్ళి చూపించింది. నడుమెత్తున ఆగిపోయిన ప్రహరీ, పైన నాచు. పునాది తమ్ముడు ఒక్కడే తీశాడట. నాలుగు వరసలు కడతాడట, ఒరిగిందేమోనని తనే పడగొడతాడట. వేరే మేస్త్రీని పిలుద్దామంటే ఒప్పుకోడట. ఇంటిల్లిపాదికీ చాకిరీ తప్ప గోడ లేదు అంటూ వాపోయింది.

"గుండు లేకుండా ఎలా చూస్తున్నావు?" అని అడిగాడు అన్న.

"కంటితో."

"కొనుక్కోలేకపోయావా?"

"నాది నీ దగ్గరుందిగా."

పెద్దమేస్త్రీ సంచిలో చెయ్యి పెట్టి తమ్ముడి గుండు బయటికి తీశాడు. దారం కొత్తది కట్టి ఉంది. గోడ పైనుంచి వదిలాడు. చిన్న గాలి తోలుతోంది. ఆయన ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. దారం కదులుతోందా, గోడ ఒరిగిందా, తన కళ్ళే చెదురుతున్నాయా? ఒకప్పుడైతే క్షణంలో తేల్చి చెప్పేసేవాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఏ మాటో తనకే తెలియలేదు.

"నువ్వు చూడరా," అని దారం తమ్ముడి చేతికిచ్చాడు. "నా కంటికి ఆనడం లేదు."

తమ్ముడు దారం పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. గాలి ఆగింది. గుండు మెల్లగా నిలిచింది.

"నిటారుగానే ఉంది."

"నువ్వన్నాక ఉన్నట్టే."

"ఆ రోజు కూడా గాలి వీచింది అన్నయ్యా."

"వీచింది," అన్నాడు పెద్దమేస్త్రీ. చొక్కా విప్పి తీగమీద వేసి, మాలు కలపడానికి కూర్చున్నాడు. తమ్ముడు ఇటుక పెడుతుంటే అన్న అందించాడు.

గోడ పూర్తయ్యాకే ఊరికి తిరిగొచ్చి, బస్టాండు నుంచి నేరుగా నెట్ సెంటర్‌కి వెళ్ళాడు. పేజీ తెరవమన్నాడు. పసుపుపచ్చ పలకలో వాడు ఇంకా వంగి తవ్వుతూనే ఉన్నాడు. గోడ లేచిపోయింది, ఇక ఆపమని చెప్పమన్నాడు మేనకోడలితో. చెప్పే దారి లేదు మావయ్యా, పెట్టినవాడు ఎక్కడున్నాడో అందా పిల్ల.

పెద్దమేస్త్రీ తెరకి దగ్గరగా వంగి చూశాడు. కుప్ప అంతే ఉంది.

"పోనీలే," అన్నాడు చివరికి. "అన్నిచోట్లా వాడొక్కడే చూసుకోవాలి. ఇక్కడికి గోడ లేచిన కబురు రావడం ఆలస్యమవుతుంది."