ఒక్కో భాషకు ఒక్కో పొయ్యి

“నాకొద్దు నీ అన్నం. నాకొద్దు గా పోర్చుగీసు.”

“అన్నం మీద అలుగుడేందే పొల్లా? వండింది ఏడ పారబొయ్యాలె?”

“రేపు నేను పోను అవ్వా. సారుకు ఫోన్ జేసి చెప్త, ఇంకెవల్నన్న చూసుకొమ్మని.”

“రెండు నెలల సంది మా చెవులు తిని, గిప్పుడు పోనంటవా? కాంట్రాక్టు బతుకు గంత తియ్యగున్నదా నీకు?”

“మా సిస్టరమ్మ మాట నా నోట్లకెళ్లి పోయిందవ్వా. నీకేం సమజైతది!”

స్టెల్లా కంచం ముందుకు నెట్టేసింది. బెంచీల మీద ఉన్న పిల్లలందరూ నమలడం ఆపారు. బొబ్బెర్ల కూర గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, చౌటుప్పల్‌లో హైవే పక్క సందులో నేను నడిపే లేడీస్ మెస్‌లో జరిగిన సంగతి ఇది. మెస్ అంటే హోటల్ కాదు. నెలకోసారి కట్టి, పొద్దునా సాయంత్రం ఇంట్లో తిన్నట్టు తినిపోయే చోటు. పైన గదుల్లో కిరాయికి ఉండేదీ ఆ పిల్లలే, అందరూ మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. నేను చదివింది మూడో తరగతి. నాకు తెలిసింది పొయ్యి, గరిటె.

మెస్ నడిపేవాళ్లకు అసలు శత్రువు వేస్టేజ్, అంటే కంచంలో మిగిలి కుండీలో పడేది. అందుకని అడగకుండా నేను ఎవరికీ వడ్డించను. ఏది కావాలో నోరు తెరిచి పేరు పెట్టి అడగాలి. వేలు చూపిస్తే గరిటె కదలదు. కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను గయ్యాళి అనుకుంటారు. అనుకోనీ, నా కుండీ మాత్రం ఖాళీగా ఉంటుంది.

స్టెల్లాది నకిరేకల్ వైపు పల్లె. అమ్మానాన్నలు కూలికి ఎటు పని దొరికితే అటు వలస పోయేవాళ్లు, ఆమె సిస్టర్ల హాస్టల్లో పెరిగింది. ఆదివారాలు మిగతా పిల్లల ఇంటివాళ్లు చూడటానికి వచ్చేవారు, ఈమె కోసం ఎవరూ వచ్చేవారు కాదు. ఆ పూటల్లో స్పెయిన్ దేశపు ముసలి సిస్టరమ్మ ఒకామె స్టెల్లాను పక్కన కూర్చోబెట్టుకుని తన భాష చెప్పేదట. ఈమె పెద్దదయ్యే వేళకు ఆ తల్లికి జబ్బు చేసింది. సొంత దేశం తీసుకుపోయారు, అక్కడే పోయింది. ఫోటో కూడా లేదు స్టెల్లా దగ్గర. ఉన్నదల్లా ఆ భాషే.

ఆ భాషే ఆమెకు ఫ్యాక్టరీలో పని కూడా ఇచ్చింది. స్పానిష్ మాట్లాడే దేశాలకు పోయే మందుల లేబుళ్లు సరిచూడటం. కాంట్రాక్టు పనే, ఎప్పుడు వద్దంటారో తెలియదు. నా బెంచీ మీద కూర్చుని తినేముందు కళ్లు మూసుకుని “గ్రాసియాస్, సెన్యోర్, పోర్ ఎస్తే పాన్” అనేది. ఈ రొట్టెకు నీకు వందనం తండ్రీ అని అర్థమట. సిస్టరమ్మ నేర్పిన మొదటి మాట అదే.

అలా ఉండగా బ్రెజిల్ వాళ్లు ఆడిట్‌కు వస్తున్నారన్నారు. ఆడిట్ అంటే మందు కొనే దేశపు అధికారులు వచ్చి ఫ్యాక్టరీ మూలమూలా చూసుకోవడం. వాళ్లది పోర్చుగీసు. “స్పానిష్ వస్తే అది వచ్చినట్టే గదమ్మా, అక్కాచెల్లెండ్ల లెక్క” అన్నాడట వాళ్ల సారు. రెండు నెలలు గడువిచ్చాడు. వాళ్ల వెంట తిరిగి మాట్లాడగలిగితే ఉద్యోగం పర్మనెంట్.

వారం తిరక్కముందే స్టెల్లా ఎగురుకుంటూ వచ్చింది. “అవ్వా, చదివితే అంత సమజైతాంది!” సమజు కావడం నిజమే. నోరు తెరిస్తే మాత్రం స్పానిషే వచ్చేది.

ఆ రోగం నాకు తెలుసు. నేను మక్తల్‌లో పుట్టాను. కృష్ణ అవతల, రాయచూరు వైపు పల్లెకు నన్ను ఇచ్చారు. ఆ ఇంట్లో అంతా కన్నడం. మొదటి రోజే సగం అర్థమైంది కనుక నేర్చుకోవాలని నాకు తోచలేదు. నా తెలుగు వాళ్లకూ అర్థమయ్యేది. ఒకనాడు మా అత్త రొట్టె చేతిలో పట్టుకుని, కన్నడంలో అడిగితేనే ఇస్తానంది. ఆకలికి మించిన పంతులు లేడు. ఆ వానాకాలం ముగిసేసరికి వాగులా మాట్లాడాను. వడ్డించే పద్ధతి నాకు అబ్బింది అక్కడే.

“రేపటి సంది నా బెంచీ కాడ గా భాషలనే అడుగు. లేకుంటె పస్తుండు” అన్నాను స్టెల్లాతో. నాకు పోర్చుగీసు రాదు. అయితే ఆమె ఫోన్‌లో వినే పాఠాలు రోజూ నా చెవిన పడేవి. ఆ మాటల్లో చాలా ముక్కులోంచి వస్తాయని కనిపెట్టాను. బొబ్బెర్లకు స్పానిష్‌లో “ఫ్రిహోలెస్” అంటే గరిటె కదపలేదు. “ఫెయ్‌జాఁవ్” అన్నాకే వేశాను.

“ముక్కుతోని మాట్లాడుడైతే నాకు జల్ది వస్తదవ్వా, నాకెప్పుడూ జలుబే” అంది పక్క గది షాహీన్.

ఒకరోజు ఉప్పుకు “సావ్” అని అడిగితే, ముక్కు పలకలేదని నేను ఇవ్వలేదు. “ఉప్పుకు ముక్కు లేదే అవ్వా! నన్ను చప్పిడి కూడు తినమంటవా?” అని స్టెల్లా నెత్తి కొట్టుకుంటే బెంచీలన్నీ నవ్వాయి. నేనూ పైట అడ్డం పెట్టుకున్నాను.

గడువు దగ్గరపడేసరికి తడుముకోకుండా అడిగి తినేది. ఇక ఆడిట్ రేపనగా ఆ సాయంత్రం. కళ్లు మూసుకుని “గ్రాసియాస్, సెన్యోర్, పోర్ ఎస్తే” అని, చివర “పాఁవ్” అంది. అది పోర్చుగీసు రొట్టె. ఉలిక్కిపడి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే. మూడోసారి అసలేమీ రాలేదు. కంచం నెట్టింది అప్పుడే. గొడవ అయ్యాక లేచి వెనక నీళ్ల తొట్టి దగ్గర కూలబడింది.

నేను బుజ్జగించే మనిషిని కాను. ఆమె అన్నం మూతపెట్టి, మిగిలిన వాళ్లకు రొట్టెలు కొట్టడానికి కూర్చుని పిలిచాను. “ఇటు రా. గీ రొట్టెలు లెక్కవెడ్త, ఇను. ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు... ఏళు.”

ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. “గిదేం లెక్కవ్వా?”

“కన్నడం. మా ఆయన పోయినంక గీ ఒడ్డుకొచ్చిన. గీడ ఎవలతోని మాట్లాడాలె? తెలుగు మీద పడి మొత్తం తినేసింది. ఆయన నన్ను ఏమని పిలిచెటోడో యాదికున్నది. నేను ఏమని పలికేదాన్నో ఎంత తన్లాడినా యాదికొస్తలేదు.”

స్టెల్లా నా పక్కన కూర్చుంది. “మరి లెక్కెట్ల మిగిలింది?”

“రొట్టెల కాడికి తెలుగును రానియ్యలే. తోటికోడండ్లను ఒక్క పొయ్యి కాడ నిలవెడ్తె ఒకదాన్నొకటి తరుముతది. నీ సిస్టరమ్మ మాట కంచం కాడ ఉండె. పోర్చుగీసును తెచ్చి గాడనే కూసోవెట్టినం. సిస్టరమ్మ మాటకు వేరే జాగా జూడు. గా జాగల ఇంకో మాట మాట్లాడకు.”

“ఆరు కాడ ఎందుకాగినవ్?”

“ఐదూ ఆరూ రెండు భాషలల్ల ఒక్కటే బిడ్డా. గాడ కాలు జారుతది. జర ఆగకుంటె ఏళు పోయి ఏడు వస్తది.”

ఆమె కంచంలో వేడి రొట్టె వేశాను, కూర పోశాను. ఆమె అడగలేదు. నా మెస్‌లో అడగకుండా వడ్డించింది ఆ ఒక్కసారే.

ఇన్నేళ్ల పనిలో ఎందరో పిల్లలు వచ్చారు, పోయారు. స్టెల్లాకు పర్మనెంట్ అయింది, తర్వాత హైదరాబాద్ ఆఫీసుకు మార్చారు. దగ్గరి భాష తొందరగా వస్తుందని అందరూ చెబుతారు, నిజమే. దాన్ని కూర్చోబెట్టేముందు పాతదాని పీట ఎక్కడుందో చూసుకోవాలని నేను తెలుసుకున్నది మాత్రం ఆ పిల్ల వల్లనే. నా కన్నడానికి లెక్క మినహా పీట మిగల్లేదు.

ఆ గొడవ మర్నాడు పొద్దున స్టెల్లా తలస్నానం చేసి దిగింది. బెంచీ దగ్గరికి రాకుండా నేరుగా వెనక్కి పోయి, నీళ్ల తొట్టి పక్కన గోడవైపు తిరిగి నిలబడింది. పొయ్యి దగ్గర నుంచి నాకు వినబడింది. మెల్లగా, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. చివరి మాట “పాన్” అనే వచ్చింది. తర్వాత లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుని, “బోఁ జియ, అవ్వా” అని పోర్చుగీసులో పలకరించి, కూర ముక్కుతో అడిగింది. వేశాను. తిన్నది, కంచం కడిగింది. సందు చివర ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. ఎక్కి వెళ్లిపోయింది.

నేను బెంచీ తుడిచి, వెనక బ్యాచ్ పిల్లలకు రొట్టెలు మొదలుపెట్టాను. ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు. కాసేపు ఆగాను. ఏళు.